ఎత్తు కలిసివచ్చినా పాదాలు కలిసిరాలేదు

కళాశాల బాస్కెట్‌బాల్‌లో మేటి బిల్ వాల్టన్ ఆటజీవితం

బాస్కెట్‌బాల్ పొడగరుల ఆట. పది అడుగుల ఎత్తున ఉండే రింగులో బంతి వేయాలి గనుక, పొడుగ్గా ఉన్నవాడికి సగం పని పుట్టుకతోనే అయిపోయిందని చాలామంది అనుకుంటారు. ఆ మాట ఎంతవరకు నిజమో తెలియాలంటే అమెరికా ఆటగాడు బిల్ వాల్టన్ కథ వినాలి. ఆరడుగుల పదకొండు అంగుళాల ఎత్తు అతడిని శిఖరం ఎక్కించింది. ఆ ఎత్తునంతా మోయవలసిన పాదాలే కిందికి లాగాయి.

వాల్టన్ 1952 నవంబరు 5న కాలిఫోర్నియా రాష్ట్రంలో శాన్‌డీగో పక్కనున్న లా మెసాలో పుట్టాడు. చిన్నతనం నుంచీ నత్తి. నలుగురిలో నోరు విప్పాలంటే బెరుకు. బంతి చేతికి వస్తే మాత్రం ఆ బెరుకు ఉండేది కాదు. 1970లో లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చేరాడు.

మేజోళ్ళతో మొదటి పాఠం

అక్కడి శిక్షకుడు జాన్ వుడెన్. అప్పటికే తన జట్టును ఆరుసార్లు దేశంలోని కళాశాలలన్నింటికీ విజేతగా నిలిపిన మాస్టారు. కొత్తగా వచ్చిన కుర్రాళ్ళకు ఆయన మొదట చెప్పే పాఠం బంతి గురించి కాదు, మేజోళ్ళు తొడుక్కోవడం గురించి. మేజోడు ముడతపడితే పాదం బొబ్బలెక్కుతుంది, బొబ్బలెక్కితే ఆట పోతుంది అనేది ఆయన లెక్క.

వాల్టన్ అంత తేలిగ్గా లొంగే రకం కాదు. 1972లో వియత్నాం యుద్ధానికి వ్యతిరేకంగా జరిగిన విద్యార్థుల ప్రదర్శనలో పాల్గొని అరెస్టయ్యాడు. జుట్టు పెంచుకోవడం తన హక్కని ఒకసారి మాస్టారితో వాదించాడు. హక్కు నీదే, జట్టులో ఎవరుండాలో తేల్చే హక్కు మాత్రం నాది అని వుడెన్ అనేసరికి, సైకిలెక్కి క్షౌరశాలకు పరుగెత్తాడు.

22 ప్రయత్నాల్లో 21

ఆ రోజుల్లో మొదటి సంవత్సరం విద్యార్థులను ప్రధాన జట్టులో ఆడనిచ్చేవారు కాదు. వాల్టన్ 1971-72లో బరిలో దిగాడు. ఆ సీజన్‌లో 30కి 30 మ్యాచ్‌లు గెలిచారు. మరుసటి సీజన్‌లోనూ అంతే. రెండుసార్లూ టైటిల్ వారిదే.

1973 మార్చి 26న సెయింట్ లూయిస్‌లో మెంఫిస్ స్టేట్ జట్టుతో జరిగిన ఫైనల్ ఇప్పటికీ చెప్పుకునే ఆట. వాల్టన్ 22 సార్లు రింగుకు బంతి వేస్తే 21 సార్లు పడింది. ఫ్రీత్రోలు రెండు కలిపి 44 పాయింట్లు. జట్టు 87-66తో గెలిస్తే అందులో సగానికి పైగా ఒక్కడివే. ఎగిరి బంతిని రింగులోకి దిగగొట్టే డంక్ కళాశాలల పోటీల్లో 1967 నుంచి 1976 దాకా నిషేధం. అంటే పొడగరికి అన్నిటికన్నా సులువైన దారి మూసి ఉన్న రోజుల్లో సాధించిన పాయింట్లివి. ఎత్తుతో పాటు మెత్తని చేయి, బంతి ఎటు వస్తుందో ముందే పసిగట్టే చూపు ఉన్నవాడికే అది సాధ్యం.

అతడు రాకముందు మొదలైన వరుస విజయాలు 88కి చేరాయి. 1974 జనవరి 19న నోటర్‌డామ్ జట్టు 71-70తో ఆ వరుసకు అడ్డుకట్ట వేసింది. చివరి మూడున్నర నిమిషాల్లో 11 పాయింట్ల ఆధిక్యం కరిగిపోయింది. ఆ ఏడాది సెమీఫైనల్లో నార్త్ కరోలినా స్టేట్ చేతిలో రెండు అదనపు సమయాల తరువాత 80-77తో ఓడారు. అయినా దేశంలో ఉత్తమ కళాశాల ఆటగాడి గౌరవం మూడేళ్ళూ వాల్టన్‌కే దక్కింది.

నొప్పి దాచినంత మాత్రాన

1974లో ప్రొఫెషనల్ ఆటగాళ్ళ ఎంపికలో పోర్ట్‌లాండ్ జట్టు అందరికన్నా ముందు వాల్టన్‌నే ఎంచుకుంది. మొదటి రెండేళ్ళు గాయాలతోనే గడిచాయి. 1977లో ఫిలడెల్ఫియా మీద తొలి రెండు మ్యాచ్‌లు ఓడి, తరువాత వరుసగా నాలుగు గెలిచి పోర్ట్‌లాండ్ ఛాంపియన్ అయింది. ఆఖరి మ్యాచ్‌లో వాల్టన్ 20 పాయింట్లు చేయడమే కాక, రింగు తగిలి తిరిగి వచ్చిన బంతులను 23 సార్లు అందుకున్నాడు.

మరుసటి ఏడాది 60 మ్యాచ్‌లలో 50 గెలిచి ఉరకలు వేస్తున్న వేళ పాదం దెబ్బతింది. ఆ ఏటి లీగ్ ఉత్తమ ఆటగాడి అవార్డు అతడికే వచ్చింది గాని, అసలు కష్టం అప్పుడే మొదలైంది. నాకౌట్ పోటీలకు నొప్పి తెలియకుండా ఇంజక్షన్ తీసుకుని దిగాడు. తరువాత చూస్తే ఎడమ పాదంలో ఎముక విరిగి ఉంది. నొప్పి తెలియకపోవడం వేరు, నొప్పి పోవడం వేరు. నొప్పి దాచుకుని ఆడే కుర్రాళ్ళూ, ఈ ఒక్క మ్యాచ్ ఆడెయ్యి అనే పెద్దలూ ఆలోచించవలసిన విషయమిది.

1978-79 సీజన్ మొత్తం ఆడలేదు. సొంత ఊరి జట్టు శాన్‌డీగోకు మారాక మరో రెండు సీజన్లు పూర్తిగా పోయాయి. ఆ ఖాళీలో స్టాన్‌ఫర్డ్‌లో న్యాయశాస్త్ర తరగతుల్లో కూర్చున్నాడు.

1985లో బోస్టన్ జట్టు పిలిచింది. అక్కడ మొదటి అయిదుగురిలో చోటు లేదు. మధ్యలో దిగి ఆడాలి. ఒకనాటి మేటి ఆటగాడు చిన్నతనంగా భావించలేదు. 82 మ్యాచ్‌లకు 80 ఆడాడు. జీవితంలో ఒక సీజన్‌లో అన్ని ఆడింది అదొక్కసారే. 1986లో బోస్టన్ గెలిచింది. ఉత్తమ ఆరో ఆటగాడి బహుమతి అతడికే లభించింది.

మొత్తం మీద సాధారణ సీజన్లలో అతడు ఆడినవి 468 మ్యాచ్‌లు. నిండుగా లెక్కేస్తే ఆరు సీజన్లకు కూడా సరిపోవు. శస్త్రచికిత్సలు మాత్రం ముప్పైకి పైగానే. అయినా 1993లో బాస్కెట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటిచ్చారు. సంఖ్య చూసి కాదు, ఆడిన తీరు చూసి.

పాదాలు మొరాయించాక అతడికి అన్నం పెట్టింది నోరే. ఇరవై ఎనిమిదో ఏట పేరున్న వ్యాఖ్యాత మార్టీ గ్లిక్‌మన్ తారసపడి, మాట్లాడటం కూడా ఆటలాగే నేర్చుకోదగిన విద్య అని నచ్చజెప్పారు. వాల్టన్ రింగు కింద సాధన చేసినట్టే మాటనూ సాధన చేశాడు. టెలివిజన్ వ్యాఖ్యాతగా ఏళ్ళ తరబడి దేశమంతటికీ ఆట వినిపించాడు. 2024 మే 27న, 71వ ఏట క్యాన్సర్‌తో కన్నుమూసేనాటికి, అతడి ఆట చూడని తరం కూడా అతడి గొంతును గుర్తుపట్టేది.