మీకు తెలుసా? పిట్ట వాలితే కూలిన ఇల్లు

లారెల్, హార్డీ జంట 1928లో చేసిన రెండు రీళ్ల మూకీ చిత్రం ‘ది ఫినిషింగ్ టచ్’. సగంలో ఆగిన ఇంటిని సోమవారం మధ్యాహ్నానికల్లా పూర్తిచేస్తే 500 డాలర్లు ఇస్తానంటాడు యజమాని. ఇద్దరూ సరేనని పనిలోకి దిగుతారు. హార్డీ నోట్లో పెట్టుకున్న మేకులు గొంతులోకి జారిపోతాయి. లారెల్ పొడవాటి చెక్క భుజాన వేసుకుని నడుస్తుంటాడు. అది సాగి సాగి చివరికొచ్చేసరికి రెండో కొసను మోస్తున్నదీ లారెలే! ఆ ఒక్క షాట్ కోసమైనా ఈ సినిమా చూడాలి.

పక్కనే ఆసుపత్రి. చప్పుడు చేయొద్దని నర్సు, పోలీసు మందలిస్తూనే ఉంటారు. శబ్దమే లేని సినిమాలో గోలను నటనతోనే మనకు ‘వినిపించడం’ అసలైన పనితనం.

ఎలాగో ఇల్లు పూర్తయి, డబ్బూ చేతికందుతుంది. అంతలో ఒక చిన్న పిట్ట పొగగొట్టంపై వాలుతుంది. అంతే, ఇల్లు కూలిపోవడం మొదలు! యజమాని డబ్బు వెనక్కి అడుగుతాడు, రాళ్లు రువ్వుకుంటారు. రువ్వడానికి అక్కడున్న ట్రక్కు చక్రానికి అడ్డుపెట్టిన రాయిని కూడా తీసేస్తారు. ట్రక్కు దొర్లుకుంటూ ఇంట్లోంచి దూసుకుపోతుంది.

పోలీసుగా నటించిన ఎడ్గర్ కెన్నెడీ అదే ఏడాది ఈ జంటతో రెండు చిత్రాలకు దర్శకత్వం కూడా వహించాడు.