తాడు పై కొస దేనికి కట్టారు?

ఎత్తులో పనిచేసేవారి రక్షణ అనగానే మనకు నెత్తిన హెల్మెటు, నడుముకు బెల్టు గుర్తొస్తాయి. ఆ రెండూ ఉన్నా మనుషులు పడిపోతూనే ఉన్నారు. కారణం చాలాసార్లు బెల్టులో ఉండదు. బెల్టు నుంచి పైకి వెళ్లే తాడు ఎక్కడ ముగిసిందో అక్కడ ఉంటుంది.

ఇదివరకు మూడు నాలుగు అంతస్తుల ఇళ్లకు సర్వి కర్రలతో పరంజా కట్టి పని కానిచ్చేవారు. హైదరాబాద్ మేస్త్రీలు దాన్నే 'గోవా' అంటారు. 2006లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 86వ నంబరు జీవోతో ఎఫ్‌ఎస్‌ఐ (స్థలం విస్తీర్ణాన్ని బట్టి కట్టడానికి పెట్టే హద్దు) నిబంధనను తీసేసింది. తర్వాతి ఏళ్లలో కోకాపేట, నానక్‌రాంగూడ వైపు 40, 50 అంతస్తుల భవనాలు లేచాయి. అంత ఎత్తుకు నేల నుంచి కర్రలు కట్టుకుంటూ పోవడం కుదరదు. అందుకే పని పైనుంచి వేలాడే పద్ధతికి మారింది. పైగా భవనం కట్టడం ఒక్కసారితో అయిపోయినా, రంగులు కొన్నేళ్లకోసారి వేయాలి, అద్దాలు ఏడాదిలో కొన్నిసార్లు తుడవాలి. ఆ భవనం ఉన్నన్నాళ్లూ దాని గోడల మీద ఎవరో ఒకరు వేలాడుతూనే ఉంటారు.

పడటం అంటే ఏమిటో ముందు లెక్కలో చూద్దాం. మూడంతస్తులంటే సుమారు 10 మీటర్లు. అక్కడి నుంచి జారిన మనిషి ఒకటిన్నర సెకనులోపే నేలను తాకుతాడు. అప్పటికి అతని వేగం గంటకు 50 కిలోమీటర్లు. రెండంతస్తుల నుంచైనా అది సుమారు 40 ఉంటుంది. పట్టుకోవడానికి చేయి చాచేంత వ్యవధి ఉండదు. కాబట్టి ఆపే పని సామగ్రే చేయాలి, దానంతట అదే చేయాలి.

ఆపడమూ సున్నితమైన పనే. పడుతున్న మనిషిని తాడు ఒక్కసారిగా నిలిపితే ఆ కుదుపే ప్రాణం తీయగలదు. నడుం బెల్టయితే ఆ బలమంతా పొట్ట, వెన్నెముక మీద పడుతుంది. అందుకే అమెరికాలో పడేవారిని ఆపడానికి నడుం బెల్టు వాడటాన్ని 1998 జనవరి 1 నుంచి నిషేధించారు. దాని స్థానంలో వచ్చింది ఫుల్ బాడీ హార్నెస్ (తొడలు, ఛాతీ, భుజాలను కలిపి పట్టే పట్టీల అమరిక). తాడు తగిలించే రింగు దీనికి వీపు పైభాగాన ఉంటుంది. బలం గట్టి ఎముకలున్న భాగాలకు పంపిణీ అవుతుంది. మన దేశంలో దీనికి ఐఎస్ 3521 అనే ప్రమాణం ఉంది.

హార్నెస్‌కూ పై తాడుకూ మధ్య షాక్ అబ్జార్బర్ (కుదుపును మింగే పట్టీ) ఉండాలి. మడతలు పెట్టి కుట్టిన బలమైన పట్టీ ఇది. మనిషి బరువు ఒక్కసారిగా పడినప్పుడు ఆ కుట్లు ఒక్కొక్కటే తెగుతూ పట్టీ సాగుతుంది. దాంతో శరీరం మీద పడే బలం 6 కిలోన్యూటన్లు, అంటే సుమారు 600 కిలోల బరువు లాగినంత బలం దాటకుండా ఉంటుంది. ఒకసారి సాగిన పట్టీని మళ్లీ వాడకూడదు.

ఇక్కడ చాలామంది చూడని చిక్కొకటి ఉంది. తాడు పొడవు 2 మీటర్లనుకుందాం. పట్టీ సాగేది 1.75 మీటర్ల దాకా. వీపు మీది రింగు నుంచి పాదాల వరకు మరో మీటరున్నర. వాటికి ఒక మీటరు జాగా కలపండి. తాడు కట్టిన చోటు నుంచి కిందికి ఆరుంపావు మీటర్ల ఖాళీ కావాలన్నమాట. అంటే మొదటి అంతస్తు ఎత్తులో పనిచేసే మనిషికి పొడవైన తాడు కడితే, అది బిగుసుకోకముందే అతను నేలను తాకవచ్చు. అంత తక్కువ ఎత్తులో తాడుపై ఆధారపడటం కన్నా ఇనుప పరంజా మేలు. దానికి నిలకడైన పలకలు, మీటరు ఎత్తున కడ్డీ, మధ్యలో మరో కడ్డీ ఉండాలి. అసలు పడకుండా చూసేది, పడ్డాక ఆపేదాని కన్నా ఎప్పుడూ గొప్పదే.

ఇప్పుడు తాడు పై కొసకు వద్దాం. దాన్ని కట్టే బిందువును యాంకర్ (లంగరు) అంటారు. యూరప్ ప్రమాణం ప్రకారం ఒక మనిషిని ఆపే యాంకర్ 12 కిలోన్యూటన్లు, అంటే సుమారు 1,200 కిలోల బరువు తట్టుకోవాలి. అమెరికా నియమం ఇంకా కఠినం, అది సుమారు 2,270 కిలోలు అడుగుతుంది. మన మేడల మీద తాళ్లు దేనికి కడుతున్నారో ఒకసారి చూడండి. పిట్టగోడకు, నీళ్ల ట్యాంకు పైపుకు, రెయిలింగ్‌కు, డిష్ స్టాండుకు. పిట్టగోడ నిలబడి చూసేవారికి అడ్డుగా కట్టినది. ఒంటి ఇటుక గోడ పక్కకు లాగే బలానికి నిలవదు. శ్లాబుకో, బీముకో, కాలమ్‌కో బిగించి ఇంజినీరు పరీక్షించిన యాంకర్ ఒక్కటే యాంకర్. మిగతావన్నీ నమ్మకాలు.

గొండోలా (మోటారుతో పైకీ కిందికీ కదిలే తొట్టి) విషయంలో ఈ సూత్రం ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. తొట్టికి రెండు చివర్లా మోటార్లుంటాయి. ఒక్కో చివర రెండేసి ఉక్కు తాళ్లు. ఒకటి మోసేది, రెండోది కాపాడేది. మోసే తాడు తెగినా, తొట్టి ఒక పక్కకు కొన్ని డిగ్రీలు ఒరిగినా సేఫ్టీ లాక్ రెండో తాడును పట్టేసి తొట్టిని అక్కడే నిలిపేస్తుంది. అది మంచి ఏర్పాటే. కానీ ఆ నాలుగు తాళ్లూ మేడ మీద ఉన్న రెండు దూలాలకే వేలాడతాయి.

ఆ దూలం ఏతంలా పనిచేస్తుంది. ముందు బరువు, వెనక ఎదురు బరువు. తొట్టి, మోటార్లు, మనుషులు, రంగు డబ్బాలు కలిపి 1,000 కిలోలనుకుందాం. ఒక్కో దూలానికి 500 కిలోలు. దూలం గోడ దాటి 1.5 మీటర్లు ముందుకు, 4.5 మీటర్లు వెనక్కి ఉంటే, సరితూగడానికి వెనక 167 కిలోలు చాలు. సరితూగితే చాలదు కాబట్టి యూరప్ ప్రమాణం మూడింతలు అడుగుతుంది. అంటే 500 కిలోలు. ఇప్పుడు సజ్జ అడ్డొచ్చిందని అదే దూలాన్ని అర మీటరు ముందుకు జరిపారనుకోండి. ముందు 2 మీటర్లు, వెనక 4. ఎదురు బరువు ఒక్కసారిగా 750 కిలోలకు పెరుగుతుంది. పెట్టిన బరువు మాత్రం 500 దగ్గరే ఉంది. కింద నిలబడి చూసేవారికి ఏ తేడా కనిపించదు. అందుకే ఎదురు బరువులను తాళం వేసి బిగించాలని, దూలం జరిపిన ప్రతిసారీ లెక్క మళ్లీ వేయాలని నియమం. బరువులకు బదులు ఇసుక బస్తాలు పెట్టడం ప్రమాదకరం. బస్తా చిరిగితే బరువు తెలియకుండానే తగ్గిపోతుంది.

గొండోలాలో ఉన్న ప్రతి మనిషికీ విడిగా లైఫ్‌లైన్ (ప్రాణరక్షణ తాడు) ఉండాలి. అది దూలానికి గానీ తొట్టికి గానీ కాక, వేరే యాంకర్‌కు కట్టాలి. దూలమే కదిలితే దానికి కట్టిన బెల్టు మనిషిని తొట్టితో పాటే కిందికి లాగుతుంది.

రంగుల పనిలో మరీ చవకైన సాధనం జూలా, అంటే చెక్క పలక, ఒక తాడు. ఆ ఒక్క తాడు పిట్టగోడ అంచున రోజంతా రాసుకుంటుంది. దీనికి సరైన ప్రత్యామ్నాయం రోప్ యాక్సెస్ (రెండు తాళ్ల పద్ధతి). 1980ల చివర్లో బ్రిటన్‌లో సముద్రపు చమురు వేదికల పనుల చుట్టూ దీనికి కట్టుదిట్టమైన శిక్షణ, నియమాలు ఏర్పడ్డాయి. ఒక తాడు మీద పని, రెండోది కాపుకు. రెండూ వేర్వేరు యాంకర్లకు. అంచు దగ్గర రెండింటికీ తొడుగులు.

పడిన మనిషిని తాడు ఆపాక పని పూర్తయినట్టు కాదు. కదలకుండా వేలాడుతుంటే రక్తం కాళ్లలో నిలిచి, నిమిషాల్లోనే స్పృహ తప్పే ప్రమాదం ఉంది. కాబట్టి అతన్ని దింపగల మనిషి, సామగ్రి పని మొదలయ్యే ముందే మేడ మీద సిద్ధంగా ఉండాలి.

చట్టం ఏమంటుంది? 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం ప్రధానంగా పదిమంది, అంతకు మించి పనిచేసే చోట్లకే వర్తించేది. ఇప్పుడు దాన్ని తనలో కలుపుకున్న వృత్తి భద్రతా కోడ్ కూడా అంతే. అపార్ట్‌మెంటుకు రంగులేసే జట్టులో నలుగురైదుగురే ఉంటారు. అక్కడికి తనిఖీ అధికారి వస్తాడని ఎదురుచూడటం వృథా. పైగా యాంకర్ బిగించే అధికారం కూలీకి లేదు. మేడ అతనిది కాదు. ఆ బాధ్యత భవన యజమానులదే. దుబాయ్ బుర్జ్ ఖలీఫాలో బయటి అద్దాలు తుడిచే యంత్రాలను కట్టడంలో భాగంగానే అమర్చారు. మన కొత్త భవనాలకు కనీసం మేడ చుట్టూ యాంకర్లైనా నక్షాలోనే ఉండాలి. పాత భవనాలకు ఇంజినీరు చేత ఇప్పుడైనా బిగించుకోవచ్చు.

మీ భవనం పని అప్పగించే ముందు మేడ ఎక్కి చూడండి. కొటేషన్‌లో యాంకర్లు, లైఫ్‌లైన్లు, దింపే ఏర్పాట్ల ఖర్చును విడిగా రాయమని అడగండి. ఆ ఒక్క మొత్తం మీద మాత్రం బేరం ఆడకండి.