హేమంత రాత్రి ప్రయాణం

ఋతువర్ణన మన ప్రాచీన కావ్యాలకు ప్రాణప్రదమైన అంశం. మహాకవి కాళిదాసు ‘ఋతుసంహారం’లో ఆరు ఋతువులకు ఆరు సర్గలు కేటాయించి, నాల్గవదానిని హేమంతానికి, ఐదవదానిని శిశిరానికి ఇచ్చాడు. శ్రీకృష్ణదేవరాయలు గోదాదేవి కథను ‘ఆముక్తమాల్యద’గా రచించాడు. ఆ గోదాదేవి ఆచరించిన ధనుర్మాస వ్రతం చలిలో, చీకటి ఉండగానే నిద్రలేవడంతో ఆరంభమవుతుంది. ఇంతటి కవిత్వాన్ని ముప్పై ఏళ్లుగా పాఠం చెబుతున్న నాకు ఒక రాత్రి చలి అంటే ఏమిటో నిజంగా తెలిసినది మాత్రం సైకిలు మీద.

కొన్నేళ్ల క్రితం పుష్యమాసంలో, అమావాస్యకు దగ్గరలో ఒక శనివారం రాత్రి, నలుగురు అధ్యాపకులం కాటేదాన్ నుండి షాద్‌నగర్‌కు సైకిళ్లపై వెళ్లి తెల్లవారేసరికి తిరిగి రావాలని సంకల్పించాం. దూరం ఒకవైపు సుమారు 40 కిలోమీటర్లు. ఆ రాత్రి నేర్చుకున్న విషయాలను, వాటి వెనుక ఉన్న కారణాలను వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

కాటేదాన్ హైదరాబాద్ నగరానికి దక్షిణాన, రంగారెడ్డి జిల్లాలో ఉన్న పారిశ్రామిక ప్రాంతం. ప్లాస్టిక్ వస్తువులు, నూనెలు, ఆహారపదార్థాలు తయారుచేసే చిన్న, మధ్యతరహా కర్మాగారాలు ఇక్కడ ఉన్నాయి. దీనికి సమీపంలోని ఆరాంఘర్ చౌరస్తా నుండి బెంగళూరు రహదారి గగన్‌పహాడ్, సాతంరాయి గ్రామాల మీదుగా శంషాబాద్ చేరుతుంది. 7వ నంబరు జాతీయ రహదారిగా పెద్దలు ఎరిగిన ఈ మార్గమే నేటి 44వ నంబరు రహదారి. 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం ప్రారంభమైన తరువాత ఈ దారి స్వరూపం మారిపోయింది. అయినా శంషాబాద్ దాటి కొత్తూరు వైపు సాగితే కందిచేలు, కూరగాయల తోటలు, చెరువులు ఇంకా పలకరిస్తాయి.

‘మార్గశిరాన మాట్లాడ పొద్దుండదు, పుష్యాన పూసగుచ్చ పొద్దుండదు’ అని సామెత. ఇది కేవలం చమత్కారం కాదు. డిసెంబరు మూడవ వారంలో హైదరాబాద్‌లో పగలు సుమారు 11 గంటలు, రాత్రి 13 గంటలు. పగలంతా వేడెక్కిన నేల రాత్రంతా ఆ వేడిని కంటికి కనిపించని కిరణాల రూపంలో ఆకాశంలోకి వదులుతుంది. మేఘాలు ఉంటే అవి దుప్పటివలె ఆ వేడిని కొంత తిరిగి నేలకు పంపుతాయి. పుష్యమాసపు ఆకాశం నిర్మలం. దుప్పటి లేని నేల తెల్లవారేవరకు చల్లబడుతూనే ఉంటుంది. కనుకనే అత్యధిక చలి అర్ధరాత్రి కాక, సూర్యోదయ వేళ కలుగుతుంది. హైదరాబాద్‌లో ఇప్పటివరకు నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 6.1 డిగ్రీలు. అది 1946 జనవరి 8వ తేదీనాటి మాట.

నగరం నడిబొడ్డున ఇంత చలి తెలియదు. సిమెంటు కట్టడాలు, తారు రోడ్లు పగటి వేడిని దాచుకొని రాత్రి నెమ్మదిగా విడుస్తాయి. ఊరి వెలుపల బయలు నేలకు ఆ నిల్వ లేదు. విమానాశ్రయం సముద్రమట్టానికి 617 మీటర్ల ఎత్తున, విశాలమైన బయలులో ఉంది. శంషాబాద్ దాటగానే గాలి మారినట్లు మాకు స్పష్టంగా తెలిసింది.

దారిలో మరొక వింత గమనించాం. మిట్ట ఎక్కేటప్పుడు హాయిగా ఉన్న గాలి, వాగు మీది వంతెన వైపు దిగగానే ఎముకలు కొరికేది. చల్లని గాలి వెచ్చని గాలికంటె బరువైనది. అది నీటివలె పల్లానికి ప్రవహించి అక్కడ నిలుస్తుంది. పగటిపూట కంటికి ఆనని ఎత్తుపల్లాలను రాత్రి సైకిలు ప్రయాణికుడు చర్మంతో చదువుతాడు.

ఇక మంచు సంగతి. మనం ‘మంచు’ అనే ఒక్క మాటతో మూడు వేర్వేరు విషయాలను వ్యవహరిస్తాం. చల్లని నీరున్న గ్లాసు వెలుపల చెమ్మ పట్టినట్లు, చల్లబడిన గడ్డిపరకపై గాలిలోని ఆవిరి నీటిబొట్టుగా మారితే అది మంచుబిందువు. నేలను అంటిన గాలిలోని ఆవిరే సూక్ష్మ బిందువులుగా మారి తేలియాడితే అది పొగమంచు. చూపు కిలోమీటరు కంటె తక్కువ దూరానికి పరిమితమైనప్పుడే వాతావరణ శాస్త్రజ్ఞులు దానిని పొగమంచుగా పరిగణిస్తారు. గడ్డి ఉపరితలం సున్నా డిగ్రీలకు దిగినప్పుడు ఆవిరి తెల్లని స్ఫటికాలుగా పేరుకుంటే అది గడ్డకట్టిన మంచు. ఈ మూడవది హైదరాబాద్ పరిసరాలలో కనిపించదు. సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న అల్లూరి సీతారామరాజు జిల్లా లంబసింగిలో, చలి తీవ్రంగా ఉన్న ఉదయాలలో, పచ్చికపై ఆ తెల్లని పొర చూడవచ్చు. మా దారిలో లభించినవి మొదటి రెండు మాత్రమే. ఆ రెండవదే మాకు గుణపాఠం నేర్పింది.

చలిలో సైకిలు తొక్కేవాడికి తన వేగమే గాలి. గాలి లేని రాత్రి 10 డిగ్రీల చలిలో గంటకు 20 కిలోమీటర్ల వేగంతో పోతే శరీరానికి సుమారు 7 డిగ్రీల చలి అనిపిస్తుంది. మిట్ట ఎక్కేటప్పుడు పట్టిన చెమట పల్లంలో దిగేటప్పుడు గడ్డకట్టించినంత పని చేస్తుంది. అందుచేత ఒక మందమైన దుస్తుకంటె రెండు మూడు పలుచని దుస్తులు మేలు. వాటి నడుమ చిక్కిన గాలి వేడిని బయటికి పోనీయదు. మన గొర్రెల ఉన్నితో కురుమలు నేసే గొంగడి రహస్యం కూడా ఇదే. తొలితరం టూర్ డి ఫ్రాన్స్ పోటీదారులు కొండ దిగేముందు చొక్కాలోపల వార్తాపత్రిక పెట్టుకొనేవారు. కొత్తూరు దగ్గర టీ కొట్టులో మాకూ అదే ఉపాయం తోచింది. పాత దినపత్రిక ఛాతీకి గొప్ప కవచం అయింది.

రాత్రంతా సైకిలుపై పోవడం కొత్త సాహసం కాదు. ఫ్రాన్సులో పారిస్ నుండి బ్రెస్ట్ వరకు వెళ్లి తిరిగి వచ్చే యాత్ర 1891లో ఆరంభమైంది. ఇప్పుడు నాలుగేళ్లకొకసారి జరిగే ఆ యాత్రలో 1200 కిలోమీటర్లను 90 గంటలలో పూర్తిచేయాలి. ఆ సంప్రదాయాన్ని అనుసరించి 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటలు, 300 కిలోమీటర్లకు 20 గంటలు గడువుగా దేశదేశాలలో దూరయాత్రలు నిర్వహిస్తారు. హైదరాబాద్ సైక్లిస్టులూ వాటిలో పాల్గొంటారు. ఇవి పందేలు కావు; ఎవరికీ మొదటి బహుమతి లేదు. అయితే ఒక నియమం కఠినమైనది. చీకటి పడితే ముందు దీపం, వెనుక ఎర్రదీపం, కాంతిని తిరిగి ప్రసరింపజేసే పైవస్త్రం తప్పనిసరి. ఈ నియమం వెనుక ఉన్న అర్థం ఆ తెల్లవారుజామున బోధపడింది.

బయలుదేరినప్పుడు నడినెత్తికి కొంచెం దక్షిణంగా మెరిసిన గొర్రుకొయ్యలు, మేము తిరుగు ప్రయాణంలో ఉండగా, నాలుగు గంటల వేళకు పడమట వాలిపోయాయి. నిద్ర అత్యధికంగా ముంచుకువచ్చే సమయం అదే. శంషాబాద్ దాటేసరికి పొగమంచు దారిని కమ్మివేసింది. ముందున్న మిత్రుని వెనుకదీపం ఎర్రని మరకవలె మాత్రమే కనిపిస్తున్నది. కాంతిని పెంచితే దారి తెలుస్తుందని భ్రమపడ్డాను. మంచుబిందువులు ఆ కాంతిని నా కళ్లలోకే తిప్పికొట్టాయి. దీపాన్ని కిందికి వంచితేనే నాలుగు అడుగుల తారురోడ్డు దక్కింది.

గగన్‌పహాడ్ సమీపంలో, హఠాత్తుగా, నా ముందు ఒక మనిషి నల్లని నీడవలె నిలిచాడు. బ్రేకు నొక్కి పక్కకు తిప్పాను; ఇద్దరం రోడ్డు వారకు ఒరిగాం. దెబ్బలు తగలలేదు. అతడు కాటేదాన్‌లో రాత్రి డ్యూటీ ముగించి ఇంటికి పోతున్న కార్మికుడు. పాత సైకిలు, హ్యాండిలుకు అన్నం డబ్బా, మెడకు మఫ్లరు. దీపం లేదు, వెనుక ఎర్రబిళ్ల కూడా లేదు.

“లైటు పెట్టుకోలేదేమి తమ్ముడూ?” అన్నాను.

“రోజూ పోయే తొవ్వనే గద సార్, నాకు కండ్లు మూసుకున్నా ఎరుకే” అన్నాడతడు.

అతనికి దారి తెలుసు. కాని వెనుక వచ్చే లారీకి అతడు తెలియడు. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వచ్చే వాహనం ఒక్క సెకనులో 22 మీటర్లు దాటుతుంది. పొగమంచులో చూపు 50 మీటర్లే ఆనితే డ్రైవరుకు దక్కేది రెండు సెకన్లకు కొంచెం ఎక్కువ. అందులో ఒక సెకను చూసి గ్రహించడానికే సరిపోతుంది. మిగిలిన సెకనులో లారీ ఆగదు. దీపం మనకు దారి చూపడానికే కాదు, మనం ఉన్నామని ఇతరులకు చెప్పడానికి. వినోదం కోసం ఒక రాత్రి వచ్చిన మాకు నాలుగేసి దీపాలున్నాయి. బతుకుతెరువు కోసం ప్రతి రాత్రీ వచ్చే అతనికి ఒక్కటీ లేదు. ఈ వ్యత్యాసం నన్ను చలికంటె ఎక్కువగా కలచివేసింది.

నా వెనుక ఉన్న రెండు ఎర్రదీపాలలో ఒకదానిని విప్పి అతని సైకిలుకు బిగించాను. వద్దన్నాడు, తరువాత మొహమాటంగా నవ్వి ఊరుకున్నాడు. తెల్లవారేవరకు మా నలుగురి నడుమ అతడినుంచుకొని నడిపించాం. దారి చీలిన చోట అతడు తిరిగిపోయాడు. ఆ ఎర్రని చుక్క చాలాసేపు మంచులో మినుకుమినుకుమంటూ కనిపించింది.

2023 అక్టోబరులో బాహ్యవలయ రహదారి వెంట 23 కిలోమీటర్ల సైకిలు దారి, సౌరఫలకాల కప్పుతో ప్రారంభమైంది. వ్యాయామానికి, విహారానికి అది ఎంతో ఉపయుక్తం. కాని సైకిలు వ్యాయామ సాధనం కాకముందు శ్రామికుని వాహనం. కర్మాగారపు గేటు నుండి ఇంటి గడప వరకు ఉన్న దారి కూడా అంత భద్రంగా ఉండాలి. అంతవరకు మన చేతిలో ఉన్నది చిన్న పని: మీ ఇంట, మీ వీధిలో చీకటివేళ సైకిలుపై పోయే వారెవరో చూడండి. వారి సైకిలుకు వెనుక ఎర్రదీపమో, కనీసం ఎర్రబిళ్లయో ఉన్నదా అని ఒకసారి పరిశీలించండి.