నోటిలో మానని పుండు: క్యాన్సర్ శస్త్రవైద్యుని రోగులు అడిగే ప్రశ్నలు

1. పరిచయం

కాలిలో ముల్లు గుచ్చుకుంటే వెంటనే తీయించుకుంటాం. పన్ను సలుపుతుంటే తెల్లవారగానే మందుకు వెళ్తాం. కాని నోటిలో నొప్పి లేని చిన్న పుండు నెల రోజులు మానకపోయినా "వేడి చేసింది", "పన్ను గీరుకుంది" అనుకొని ఊరుకుంటాం. నోటి క్యాన్సర్ చాలామందిలో ఇలా నొప్పి లేకుండానే మొదలవుతుంది.

2022వ సంవత్సరపు అంతర్జాతీయ అంచనాల ప్రకారం మన దేశంలో ఆ ఒక్క ఏడాదిలో 1 లక్షా 40 వేల మందికి పైగా పెదవి, నోటి క్యాన్సర్ కొత్తగా వచ్చింది. నిజానికి ఇది కంటికి కనిపించే చోట వచ్చే జబ్బు. కడుపులోని జబ్బును చూడాలంటే యంత్రాలు కావాలి. నోటిని చూడటానికి ఒక అద్దం, కాస్త వెలుతురు చాలు. అయినా ఎంతోమంది జబ్బు ముదిరాకే ఆసుపత్రికి చేరుతున్నారు. దీనికి దూరం, ఖర్చు కొంత కారణం. భయాలు, అపోహలు మరికొంత కారణం. క్యాన్సర్ శస్త్రవైద్యుల ఓ.పి. గదిలో తరచుగా వినిపించే ప్రశ్నలను, వాటికి వైద్యులు చెప్పే జవాబులను ఈ పాఠంలో చదువుతారు.

2. ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు:
- నోటిలో ఏ మార్పు కనిపిస్తే డాక్టరుకు చూపించుకోవాలో చెప్పగలుగుతారు.
- ముక్క పరీక్ష ఎందుకు చేస్తారో వివరించగలుగుతారు.
- శస్త్రచికిత్స, రేడియేషన్, కీమోథెరపీ ఏ సందర్భంలో అవసరమో గుర్తించగలుగుతారు.
- రోగిగా గాని, రోగి బంధువుగా గాని డాక్టరును అడగవలసిన ప్రశ్నలు తయారు చేసుకోగలుగుతారు.

3. రోగ నిర్ధారణను గురించిన ప్రశ్నలు

ప్రశ్న: "ఇది మామూలు పుండో, క్యాన్సరో ఎలా తెలుస్తుంది డాక్టరు గారూ?"

జవాబు: మామూలు నోటిపూత, పన్ను గీరుకున్న పుండు సాధారణంగా రెండు వారాల్లో మానిపోతాయి. మూడు వారాలు దాటినా మానని పుండును తప్పక చూపించాలి. నోటిలో తెల్ల మచ్చ, ఎర్ర మచ్చ, చేతికి గట్టిగా తగిలే గడ్డ, కారణం లేకుండా కదిలే పన్ను, మెడలో బిళ్ల కట్టడం కూడా అలాంటి లక్షణాలే. నోరు తెరిచి మీ మూడు వేళ్లు నిలువుగా పెట్టి చూసుకోండి. అవి పట్టకపోతే నోరు బిగుసుకుంటోందని అర్థం. వక్క, గుట్కా నమిలేవారిలో ఇది ఎక్కువ. ఇవన్నీ క్యాన్సరే అని కాదు. క్యాన్సర్ అవునో కాదో తేల్చుకోవాలి అని మాత్రమే.

బీడీ, చుట్ట, సిగరెట్టు, ఖైనీ, గుట్కా, సారా అలవాటు ఉన్నవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. పొగాకు కలపకపోయినా వక్క కూడా క్యాన్సర్ కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2004లో ప్రకటించింది. శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతపు గ్రామాల్లో చుట్టను నిప్పు ఉన్న కొన నోటి లోపలికి పెట్టుకొని కాల్చే అలవాటు ఉంది. దీనినే అడ్డపొగ అంటారు. స్త్రీలలో ఇది ఎక్కువ. ఈ అలవాటు ఉన్నవారికి అంగిలిలో క్యాన్సర్ వచ్చే ప్రమాదం ఎక్కువ.

ప్రశ్న: "ముక్క కోస్తే జబ్బు రేగి ఒళ్లంతా పాకుతుందంటారు. నిజమేనా?"

జవాబు: నిజం కాదు. పుండు అంచు దగ్గర మత్తు సూది వేసి, బియ్యపు గింజంత ముక్క తీస్తాం. దీనిని బయాప్సీ అంటారు. ఆ ముక్కను పల్చని పొరలుగా కోసి, రంగు వేసి, సూక్ష్మదర్శిని కింద పరీక్షిస్తారు. మెడలో బిళ్ల ఉంటే సన్నని సూదితో కొన్ని కణాలను తీసి చూస్తారు.

ఈ అపోహ ఎలా పుట్టిందో చూడండి. ఒక మనిషి ఆరు నెలలు ఆలస్యంగా వచ్చాడు. అప్పటికే జబ్బు మెడకు పాకింది. ముక్క పరీక్ష చేశారు, తరవాత కొద్ది నెలలకు అతను చనిపోయాడు. ఊళ్లోవాళ్లు చూసింది ముక్క తీయడం, మనిషి పోవడం. నడుమ గడచిన ఆరు నెలలు ఎవరికీ గుర్తు లేవు. ముక్క పరీక్ష లేకుండా క్యాన్సర్ అని తేల్చడం గాని, క్యాన్సర్ కాదని ధైర్యం చెప్పడం గాని సాధ్యం కాదు.

ప్రశ్న: "నాది ఏ దశ?"

జవాబు: నాలుగు విషయాలను బట్టి దశను నిర్ణయిస్తాం: గడ్డ ఎంత పెద్దది, ఎంత లోతుకు దిగింది, మెడలోని లింఫ్ గ్రంథులకు పాకిందా, ఊపిరితిత్తుల వంటి దూరపు అవయవాలకు చేరిందా. ఇందుకే స్కానింగ్‌లు తీయిస్తాం. గడ్డ 2 సెంటీమీటర్లకు, లోతు 5 మిల్లీమీటర్లకు మించకుండా, మెడకు పాకకుండా ఉంటే అది మొదటి దశ. దశ తెలిస్తేనే చికిత్స నిర్ణయమవుతుంది. అందుకే "మా వాడిది ఏ దశ?" అని అడిగే హక్కు మీకుంది. అడగండి.

మీ అవగాహనను పరీక్షించుకోండి – 1
(అ) ఎన్ని వారాలు దాటినా మానని నోటిపుండును డాక్టరుకు తప్పక చూపించాలి?
(ఆ) "ముక్క తీస్తే క్యాన్సర్ పాకుతుంది." ఇది ఒప్పా, తప్పా?

4. చికిత్సను గురించిన ప్రశ్నలు

ప్రశ్న: "కోత లేకుండా మందులతో నయం చేయలేరా?"

జవాబు: నోటి క్యాన్సర్‌కు ముఖ్యమైన చికిత్స శస్త్రచికిత్సే. గడ్డతో పాటు దాని చుట్టూ సుమారు ఒక సెంటీమీటరు మేర మంచి కండను కూడా తీస్తాం. కలుపు మొక్కను వేరుతో సహా, చుట్టూ కాస్త మట్టితో సహా పెకలించినట్లన్నమాట. గడ్డ చిన్నదైతే కోత చిన్నది. నాటు మందు పూసుకుంటూ, ఆకు పసరు తాగుతూ నాలుగు నెలలు గడిపి వస్తే, నాలుకలో కొంచెం తీయవలసిన చోట సగం తీయవలసి రావచ్చు.

ప్రశ్న: "జబ్బు నోటిలో ఉంది. మెడలో గడ్డేమీ లేదు. మెడ ఎందుకు కోస్తారు?"

జవాబు: నోటి క్యాన్సర్ కణాలు ముందుగా చేరేది మెడలోని లింఫ్ గ్రంథులకు. కొన్ని కణాలు చేరినంత మాత్రాన గ్రంథి ఉబ్బదు. చేతికి తగలదు, స్కానింగ్‌లో కూడా కనిపించకపోవచ్చు. మెడ ముందే తీయాలా, గడ్డ కనిపించేదాకా ఆగవచ్చా అని వైద్యులు చాలా ఏళ్లు వాదించుకున్నారు. దీనిని తేల్చింది మన దేశపు పరిశోధనే. ముంబైలోని టాటా మెమోరియల్ ఆసుపత్రి వైద్యులు, మెడలో గడ్డ కనిపించని తొలి దశ రోగులను రెండు గుంపులు చేశారు. మొదటి గుంపుకు నోటి ఆపరేషన్‌తో పాటే మెడలోని గ్రంథులు తీశారు. రెండవ గుంపుకు మెడలో గడ్డ కనిపించినప్పుడే తీశారు. 2015లో ఫలితాలు ప్రచురించారు. మూడేళ్ల తరవాత మొదటి గుంపులో నూటికి 80 మంది, రెండవ గుంపులో నూటికి 67.5 మంది జీవించి ఉన్నారు.

లెక్క వేసి చూడండి. తేడా నూటికి 12.5. అంటే మెడ ఆపరేషన్ ముందుగానే చేసిన ప్రతి 8 మందికి ఒక ప్రాణం అదనంగా దక్కింది.

ప్రశ్న: "ఆపరేషన్ తరవాత తినగలనా? మాట్లాడగలనా? నా ముఖం ఎలా ఉంటుంది?"

జవాబు: ఈ ప్రశ్న అడగడానికి చాలామంది సిగ్గుపడతారు. సిగ్గుపడనక్కరలేదు. తీసిన చోట ముంజేతి చర్మాన్నో, ఛాతీ కండనో తెచ్చి అతుకుతాం. దవడ ఎముక తీస్తే కాలిలోని సన్నని ఎముకతో కొత్త దవడ అమర్చవచ్చు. కొన్ని రోజులు ముక్కు గొట్టం ద్వారా పాలు, జావ ఇస్తారు. తరవాత మింగడం, మాట్లాడటం మళ్లీ అభ్యాసం చేయిస్తారు. ముఖం మునుపటిలాగే ఉంటుందని మాట ఇవ్వలేం. ఎంత మేర తీయవలసి వస్తుందో ఆపరేషన్‌కు ముందే బొమ్మ గీసి చూపమని అడగండి.

ప్రశ్న: "ఆపరేషన్ అయ్యాక మళ్లీ కరెంటు పెట్టాలంటున్నారు. ఎందుకు?"

జవాబు: జనం "కరెంటు" అనేది రేడియేషన్ చికిత్సనే. అందులో విద్యుత్తు ఒంటికి తగలదు. శక్తిమంతమైన కిరణాలు, ఎక్స్‌రే తీసేటప్పటిలాగే, నొప్పి లేకుండా పడతాయి. తీసిన భాగాన్ని పరీక్షించాక గడ్డ పెద్దదని గాని, గ్రంథులకు పాకిందని గాని తెలిస్తే, మిగిలిన కణాలను చంపడానికి రేడియేషన్ ఇస్తాం. సాధారణంగా వారానికి ఐదు రోజుల చొప్పున సుమారు ఆరు వారాలు ఇస్తారు. ఆపరేషన్ అయిన ఆరు వారాల లోపల మొదలుపెట్టాలి. జబ్బు గ్రంథి గోడ దాటి బయటికి వచ్చినా, కోసిన అంచులో క్యాన్సర్ కణాలు మిగిలినా రేడియేషన్‌తో పాటు కీమో మందు కూడా ఇస్తారు. నోరు ఎండిపోవడం, పుండ్లు పడటం, రుచి తెలియకపోవడం వంటి బాధలు ఉంటాయి. చెడిపోయిన పళ్లను ముందే తీయించుకోవాలి. పుండ్లు పడ్డాయని నడుమ మానేస్తే చికిత్స పట్టు తప్పుతుంది.

ప్రశ్న: "జబ్బు బాగా ముదిరిందన్నారు. ఇక చేసేదేమీ లేదా?"

జవాబు: నయం చేయలేకపోవచ్చు. కాని నొప్పి తగ్గించవచ్చు, పుండు వాసన, రక్తస్రావం అదుపు చేయవచ్చు, ఆహారం లోపలికి పోయే దారి చూడవచ్చు. తీవ్రమైన నొప్పికి డాక్టర్ల పర్యవేక్షణలో మార్ఫిన్ మాత్రలు ఇస్తారు. రోగి నొప్పితో అల్లాడవలసిన అవసరం లేదు.

మీ అవగాహనను పరీక్షించుకోండి – 2
(ఇ) నోటి క్యాన్సర్ కణాలు ముందుగా ఎక్కడికి పాకుతాయి?
(ఈ) రేడియేషన్‌కు ముందు పళ్ల విషయంలో తీసుకోవలసిన జాగ్రత్త ఏమిటి?

5. కుటుంబం, ఖర్చు, ఆ తరవాతి జీవితం

ప్రశ్న: "మా నాన్నకు క్యాన్సర్ అని చెప్పకండి. ఇది ఇంట్లోవాళ్లకు అంటుకుంటుందా?"

జవాబు: అంటుకోదు. ఒకే కంచంలో తిన్నా, పక్కన పడుకున్నా నోటి క్యాన్సర్ రాదు. కంచం, గ్లాసు వేరు చేయడం వల్ల రోగి మనసు మాత్రం విరిగిపోతుంది.

ఇక దాచిపెట్టే విషయం. తన నోటిలో ఏమి జరుగుతోందో అందరికంటే ముందు తెలిసేది ఆయనకే. ఆయన సంతకం లేకుండా ఆపరేషన్ చేయం. జబ్బు పేరు తెలియని మనిషి ఆరు వారాల రేడియేషన్ బాధను ఎందుకు ఓర్చుకోవాలి? కొంచెం కొంచెంగా, ఆయన అడిగినంత మేర చెబుదాం. చెప్పేటప్పుడు మీరూ పక్కన కూర్చోండి.

ప్రశ్న: "ఇంత ఖర్చు ఎక్కడి నుంచి తేవాలి?"

జవాబు: పొలం అమ్మే ముందు విచారించండి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో ఆరోగ్యశ్రీ పథకం మొదలైంది. పేర్లు, నియమాలు మారినా రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అర్హులైన కుటుంబాలకు క్యాన్సర్ చికిత్స సాయం ఉంది. 2018లో కేంద్ర ప్రభుత్వం ఆయుష్మాన్ భారత్ ప్రారంభించింది. హైదరాబాదులోని ఎం.ఎన్.జె. ఆసుపత్రి క్యాన్సర్ కోసమే ఉన్న ప్రభుత్వ సంస్థ. చికిత్సకు ప్రయాణించే క్యాన్సర్ రోగికి, తోడు వెళ్లేవారికి రైలు ఛార్జీలో రాయితీ ఉంది. దానికి ఆసుపత్రి ఇచ్చే ధ్రువపత్రం అడిగి తీసుకోండి.

ప్రశ్న: "నయమైందని ఎప్పుడు అనుకోవచ్చు?"

జవాబు: జబ్బు తిరగబెడితే ఎక్కువగా మొదటి రెండేళ్లలోనే తిరగబెడుతుంది. అందుకే ఆ కాలంలో తరచుగా, ఆ తరవాత కొంత ఎడంగా చూపించుకోవాలి. పొగాకు, వక్క పూర్తిగా మానాలి. మానకపోతే అదే నోటిలో మరోచోట కొత్త క్యాన్సర్ రావచ్చు.

6. సారాంశం

నోటి క్యాన్సర్ చాలామందిలో నొప్పి లేకుండా మొదలవుతుంది. మూడు వారాలు మానని పుండును డాక్టరుకు చూపించాలి. ముక్క పరీక్ష వల్ల జబ్బు పాకదు, ఆలస్యం వల్ల పాకుతుంది. శస్త్రచికిత్స ముఖ్య చికిత్స. అవసరాన్ని బట్టి రేడియేషన్, కీమో తోడవుతాయి. పుండు కనిపించిన రోజుకూ ఆసుపత్రి గడప తొక్కిన రోజుకూ మధ్య ఉన్న కాలం రోగి చేతిలోను, ఇంట్లోవారి చేతిలోను ఉంటుంది. ఆ కాలాన్ని తగ్గించడమే మనం చేయగల పెద్ద సాయం.

7. చేసి చూడండి

ఈ రోజు పళ్లు తోముకున్నాక అద్దం ముందు నిలబడి పెదవుల లోపలి వైపు, రెండు బుగ్గలు, చిగుళ్లు, నాలుక పై భాగం, దాని రెండు అంచులు, అడుగు భాగం, అంగిలి వరుసగా చూసుకోండి. ఇంట్లో పొగాకు అలవాటు ఉన్న పెద్దవారి నోటిని కూడా టార్చిలైటు వేసి చూడండి. అనుమానం కలిగితే దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి గాని, పళ్ల డాక్టరు దగ్గరికి గాని తీసుకువెళ్లండి.

జవాబులు: (అ) మూడు వారాలు (ఆ) తప్పు (ఇ) మెడలోని లింఫ్ గ్రంథులకు (ఈ) చెడిపోయిన పళ్లను ముందే తీయించుకోవాలి