అరికాలి నల్లమచ్చ: అశ్రద్ధ తగదు

పాఠకుల నుండి నాకు వచ్చే ఉత్తరాలలో పుట్టుమచ్చలను గురించి అడిగేవి ఎప్పుడూ కొన్ని ఉంటాయి. చెక్కిలి మీది మచ్చ పోవడానికి లేపం చెప్పమనేవారు, మెడ మీది పులిపిర్లు రాలిపోవడానికి చిట్కా అడిగేవారు, పెండ్లికి ముందే అమ్మాయి గడ్డం మీది మచ్చ మాయం కావాలనే తల్లులు వీరిలో అధికం. వీటికి సమాధానం రాయడం కష్టమేమీ కాదు. కాని గత మాసం గుంటూరు జిల్లా నుండి ఒక గృహిణి రాసిన ఉత్తరం చదివిన తరువాత కొంతసేపు కలం సాగలేదు. ఆమె భర్త వయస్సు యాభై నాలుగు. ఏడాది క్రితం ఎడమ పాదంలో, బొటనవ్రేలి మొదట, అరికాలి వైపున నువ్వుగింజంత నల్లమచ్చ కనిపించింది. ఇప్పుడది రూపాయి బిళ్లలో సగమైంది. ఇరుగుపొరుగువారు చెప్పగా సున్నం, చాకలి సోడా కలిపి పెట్టారు. పుండై మానింది. మానిన చోటనే మళ్లీ నలుపు తేలింది. దీనికి మంచి తైలం సెలవియ్యమని ఆమె ప్రార్థన.

ఆ మచ్చకు నేను తైలం చెప్పను. ఎందుకు చెప్పనో వివరించాలంటే నా వలన జరిగిన ఒక పొరపాటును ముందుగా పాఠకుల ముందు ఉంచాలి.

నా చేతి క్షారం

ఇది 1998 నాటి మాట. మిరప సేద్యం చేసుకునే కుటుంబానికి చెందిన ఒక ఇల్లాలు నా వద్దకు వచ్చింది. వయస్సు ఏభై ఉంటుంది. పొలంలో చెప్పులు లేకుండా తిరిగే మనిషి. కుడి మడమ మీద నల్లని మచ్చ, అంచులు సిరా చిందినట్లుగా ఉన్నాయి. ఎప్పుడో ముల్లు విరిగిందని ఆమె చెప్పింది. అరికాలిలో మచ్చ ఉంటే దేశాటన యోగమంటారు కదా, కాశీకి పోతానేమో అని నవ్వింది కూడా. నొప్పి లేదు, దురద లేదు. నేను దానిని ఆనెగా తలచాను.

గురుకులంలో నేను నేర్చుకున్న పనులలో ఉత్తరేణి క్షారం తయారు చేయడం ఒకటి. మొక్కను సమూలంగా ఎండబెట్టి, కాల్చి, ఆ బూడిదను నీటిలో కలిపి వడగట్టి, తేటనీటిని మరిగించి తీసే ఆ తెల్లని పొడి పులిపిర్లకు మంచి మందు. ఆ మచ్చకు అదే పెట్టాను. పైపొర కాలి ఊడిపోయింది. నెల తిరిగేసరికి మానింది. ఆమె సంతోషించింది, నేనూ సంతోషించాను. నాలుగు మాసాల తరువాత మళ్లీ వచ్చింది. మచ్చ మునుపటి కంటే విశాలమైంది. మళ్లీ క్షారం పెట్టాను. మూడవసారి వచ్చినప్పుడు గజ్జలో గట్టి బిళ్ల చేతికి తగిలింది. అప్పుడు గాని నాకు బుద్ధి రాలేదు. హైదరాబాదుకు పంపించాను. అక్కడి శస్త్రవైద్యుడు నాకొక ఉత్తరం రాశారు. క్షారం పెట్టక మునుపు ఒక ముక్క తీసి పరీక్షకు పంపి ఉంటే బాగుండేదని అందులో ఒకే ఒక వాక్యం నా పనిని గురించి ఉన్నది. మందలింపు లేదు. ఆ ఇల్లాలు ఏడాది తిరగకుండానే మరణించింది. ఆ ఉత్తరం ఇప్పటికీ నా మందుల బీరువాలో ఉన్నది.

శాస్త్రంలో లోపం లేదు

లోపం శాస్త్రానిది కాదు, నాది. సుశ్రుతాచార్యుడు నిదానస్థానంలో క్షుద్రరోగాలను వివరిస్తూ తిలకాలకం, మషకం, జతుమణి అని మచ్చలను వేరువేరుగా పేర్కొన్నాడు. చర్మంతో సమంగా, నొప్పి లేకుండా, నువ్వువలె నల్లగా ఉండేది తిలకాలకం. మినపగింజవలె గట్టిగా పైకి లేచి ఉండేది మషకం. వీటిని శస్త్రంతో తీసి, క్షారంతో గాని అగ్నితో గాని కాల్చవచ్చునని చికిత్సాస్థానంలో చెప్పాడు. ఇంతవరకే చదివినవాడు నావలె పొరబడతాడు. అదే ఆచార్యుడు అర్బుద చికిత్సలో, శేషం మిగిల్చిన అర్బుదం త్వరలోనే మళ్లీ పుడుతుందని, ఆర్పక విడిచిన నిప్పువలె ప్రాణం తీస్తుందని హెచ్చరించాడు. కనుక ఎదుట ఉన్నది తిలకాలకమా, అర్బుదమా అన్నది తేలకుండా చేయి చేసుకోరాదు. సున్నం, సోడా, జీడిరసం, అంగడిలో పేరు లేకుండా అమ్మే మచ్చల మందులు అన్నీ చేసే పని ఒక్కటే. పైభాగాన్ని కాలుస్తాయి. లోపలి వేరు అలాగే ఉంటుంది. పైగా పరీక్షించే వైద్యునికి ఆనవాలు కూడా మిగలదు. జీడిరసం వలన ఒళ్లంతా పొక్కి ఆసుపత్రి పాలైనవారిని నేను చూశాను. అది వేరే కథ.

ఏ మచ్చను అనుమానించాలి?

మన చర్మానికి రంగునిచ్చే కణాలు ఒకచోట గుంపుగా చేరితే పుట్టుమచ్చ అవుతుంది. పేరు పుట్టుమచ్చ అయినా అన్నీ పుట్టుకతో రావు. బాల్యంలోను, యౌవనంలోను కొత్తవి వస్తూనే ఉంటాయి. గర్భవతులలో కొన్ని ముదురు రంగుకు తిరుగుతాయి. ఇవేవీ భయపడవలసినవి కావు. పెద్దవయస్సులో చెక్కిళ్ల మీద మిరియాలవలె పొడుచుకువచ్చే నల్లని చిన్న బుడిపెలు, వీపు మీద మైనం అంటించినట్లుండే గోధుమరంగు బిళ్లలు కూడా సాధారణంగా నిరపాయకరమైనవే.

రంగుకణాలే అదుపు తప్పి పెరిగితే దానిని మెలనోమా అంటారు. చర్మ క్యాన్సర్లలో అతి తీవ్రమైన వాటిలో ఇది ఒకటి. దీనిని ముందుగా గుర్తించడానికి న్యూయార్కు వైద్యులు 1985లో కొన్ని లక్షణాలు సూచించారు. మచ్చను మధ్యకు గీత గీసినట్లు ఊహించుకుంటే రెండు సగాలు ఒకదానితో ఒకటి సరిపోకపోవడం, అంచు గతుకులుగా ఉండడం, ఒకే మచ్చలో నలుపు, గోధుమ, ఎరుపు, బూడిద వంటి పలురంగులు కనిపించడం, వెడల్పు 6 మిల్లీమీటర్లు, అంటే పెన్సిలు వెనుక భాగమంత, దాటడం. వీటికి 2004లో అయిదవ లక్షణం చేర్చారు. అది మార్పు. నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. మచ్చ ఎలా ఉన్నదనే దానికంటే, నిరుటికి ఈ ఏటికి ఎలా మారిందనేది ముఖ్యం. రక్తం కారడం, రసి రావడం, మానని పుండు పడడం ఇంకా ముదిరిన గుర్తులు. నొప్పి లేదు కదా అని ఊరుకోవడం పెద్ద ప్రమాదం. ఆ ఇల్లాలికీ నొప్పి లేదు.

ఈ మార్పును గమనించడానికి మన దేశంలో ఒక సదుపాయం ఉన్నది. పదవ తరగతి సర్టిఫికెట్టులో గుర్తింపు కోసం పంతులుగారు రెండు పుట్టుమచ్చలు రాయిస్తారు. మీ సర్టిఫికెట్టు తీసి చూసుకోండి. ఆ మచ్చలు ఇప్పుడు ఎలా ఉన్నవో అద్దంలో పోల్చుకోండి. నేను నా రోగులను హాస్యానికి అడుగుతూ ఉంటాను గాని, అందులో నిజం లేకపోలేదు.

ఎండ కంటే నీడలోనే

తెల్లజాతివారిలో మెలనోమా ఎక్కువగా ఎండ తగిలే భాగాలలో వస్తుంది. ఆస్ట్రేలియా, న్యూజిలాండు దేశాలలో దీని బెడద అధికం. మన చామనచాయ శరీరాలకు ఎండ నుండి సహజ రక్షణ ఉన్నది కనుక మనలో ఈ వ్యాధి అరుదు. అందుకనే దీనిని ఎవరూ తలవరు, తలవనందున ముదిరిన తరువాతనే బయటపడుతుంది. మనవంటివారిలో ఇది ఎక్కువగా ఎండ సోకని చోట్ల, అనగా అరికాళ్లలో, అరచేతులలో, గోళ్ల కింద కనిపిస్తుంది.

మా మనుమడు తన గదిలో ఒక జమైకా గాయకుని బొమ్మ అంటించుకున్నాడు. బాబ్ మార్లే అని లోకమంతా ఎరిగిన పేరు. ఆయన కాలి బొటనవ్రేలి గోటి కింద నల్లమచ్చను మొదట బంతి ఆటలో తగిలిన దెబ్బ అనుకున్నారు. 1977లో అది మెలనోమా అని తేలింది. వ్రేలు తీసివేయమని వైద్యులు సలహా ఇచ్చినా ఆయన అంగీకరించలేదు. గోరు, దాని కింది చర్మం మాత్రమే తీశారు. వ్యాధి ఊపిరితిత్తులకు, మెదడుకు పాకింది. చివరి నెలలలో జర్మనీలో ప్రత్యామ్నాయ చికిత్స చేయించుకున్నాడు. 1981 మే 11న కన్నుమూశాడు. అప్పటికి ఆయన వయస్సు 36. ఆ జర్మనీ చికిత్స సంగతి చదివినప్పుడు నాకు నా క్షారమే గుర్తుకు వచ్చింది.

గోటి విషయంలో కంగారు కూడా వద్దు. మన రంగువారిలో పలు గోళ్ల మీద సన్నని గోధుమ చారలు ఉండడం సాధారణం. ఒకే గోటి మీద, ముఖ్యంగా బొటనవ్రేలికి, కొత్తగా చార పుట్టి వెడల్పవుతూ ఉంటే చూపించాలి. ఆ నలుపు గోరు దాటి మొదటనున్న చర్మం మీదకు పాకితే ఆలస్యం చేయరాదు. ఈ గుర్తును పందొమ్మిదవ శతాబ్దంలో ఇంగ్లండు దేశపు వైద్యుడు హచిన్సన్ గమనించాడు. దెబ్బ వలన కమిలిన రక్తం గోటితోపాటు ముందుకు జరుగుతుంది. చేతిగోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు, కాలిగోరు సుమారు 1 మిల్లీమీటరు పెరుగుతాయి. రెండు మూడు నెలలైనా మచ్చ ముందుకు కదలకపోతే అది కమిలిన రక్తం కాదని అనుమానించాలి.

పెద్దవారి ముక్కు పక్కన, కంటి కింద, నిగనిగలాడుతూ ముత్యపు అంచుతో నల్లని బుడిపె కొత్తగా పుట్టి అప్పుడప్పుడు రక్తం చిమ్మితే అది మరొక రకం చర్మ క్యాన్సరు కావచ్చు. ఇది మెల్లగా పెరుగుతుంది, దూరం పాకడం అరుదు, తీసివేస్తే సాధారణంగా పోతుంది. కాని మచ్చే కదా అని ఏళ్లపాటు వదిలేస్తే ముక్కును తినివేస్తుంది. నడుము చుట్టూ పంచె, లంగా బొందు ఒరిసి నల్లబడిన చోట మానని పుండు పడితే అదీ చూపించవలసినదే. ముంబయిలో ఖానోల్కరు అనే వైద్యుడు 1945లోనే పంచెకట్టు వలన కలిగే ఈ క్యాన్సరును వర్ణించాడు.

తలంటు నాటి పరీక్ష

ప్రతిదినం పాదాలకు తైలమర్దనం చేసుకోవాలని మన శాస్త్రం విధించింది. కంటిచూపుకు, నిద్రకు మేలని చెబుతారు. దానికి నేను మరొక ప్రయోజనం చేరుస్తున్నాను. నూనె రాసే చేయి అరికాలిని చూస్తుంది. తలంటు పోసుకునే రోజున, పగటి వెలుతురులో, అరికాళ్లు, మడమలు, వ్రేళ్ల సందులు, అరచేతులు, గోళ్లు చూసుకోండి. వీపు, పిరుదులు, తల ఎవరికి వారు చూసుకోలేరు. భార్యాభర్తలు ఒకరికొకరు, వృద్ధులకు పిల్లలు చూడవలసి ఉంటుంది. సోదరీమణులు ఒక విషయం గమనించాలి. కాళ్లకు పసుపు, పారాణి, గోళ్లకు గోరింటాకు, రంగు ఉన్నప్పుడు కింది మచ్చ కనిపించదు. ఆషాఢంలో గోరింటాకు పెట్టుకోవడానికి ముందు ఒకసారి గోళ్లు చూసుకుంటే సరిపోతుంది. అనుమానం ఉన్న మచ్చ పక్కన కొలబద్ద పెట్టి ఫోటో తీసి, తేదీ రాసి ఉంచుకోండి. మచ్చ మారలేదని తేలితే మనశ్శాంతి. ఇదివరకే మారిన మచ్చకు మాత్రం ఫోటోలు తీస్తూ కాలం గడపవద్దు.

పరీక్ష ఎలా చేస్తారు?

చర్మవైద్యుడు మొదట వెలుతురుతో కూడిన ఒక భూతద్దంతో మచ్చను చూస్తాడు. అరికాలి చర్మం మీద దున్నిన చేనువలె గట్లు, చాళ్లు ఉంటాయి. సాధారణ మచ్చలో రంగు చాళ్లలో ఉంటుంది, మెలనోమాలో గట్ల మీద ఉంటుంది. జపాను వైద్యులు గుర్తించిన ఈ భేదం ఆ అద్దంలోనే తెలుస్తుంది. అనుమానం తీరకపోతే ఆ చోట మత్తు సూది వేసి, చిన్న మచ్చ అయితే చుట్టూ కొద్దిపాటి మంచి చర్మంతో సహా పూర్తిగా తీస్తారు. పెద్దదైతే ముక్క తీస్తారు. దానిని సూక్ష్మదర్శిని కింద చూస్తారు.

కత్తి పెడితే క్యాన్సరు ఒళ్లంతా పాకుతుందని మన ఇళ్లలో బలమైన నమ్మకం. ఇది నిజం కాదు. ముక్క తీయడం వలన వ్యాధి పాకదు. పాకేది ఆలస్యం వలన. అమెరికా వైద్యుడు బ్రెస్లో 1970లో చూపినట్లు, ఈ వ్యాధిలో రోగి భవిష్యత్తును ప్రధానంగా నిర్ణయించేది మచ్చ ఎంత లోతుకు దిగిందన్నది. లోతు ఒక మిల్లీమీటరు లోపు ఉండగా తీసివేసినవారిలో అత్యధికులు బాగుపడతారు. లోతుకు దిగి, బిళ్లలకు పాకిన తరువాత శస్త్రచికిత్స పెద్దదవుతుంది. కొత్తగా వచ్చిన ఖరీదైన మందులు కూడా అందరికీ పనిచేయవు. చికిత్స సాగుతుండగా మావంటివారి మందులు ఏవైనా వాడదలిస్తే ఆ క్యాన్సరు వైద్యునికి చెప్పే వాడాలి. ఆ వ్యాధిని పసుపుతోనో, గోమూత్రంతోనో కుదురుస్తామనేవారి మాట వినకండి. ఆయుర్వేద వైద్యుడనై ఉండి ఇది చెబుతున్నాను.

జిల్లా కేంద్రాలలోని ప్రభుత్వ ఆసుపత్రులలో చర్మవ్యాధుల విభాగం ఉంటుంది. క్యాన్సరు అని తేలితే హైదరాబాదులో ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రి, విశాఖపట్నంలో హోమీ భాభా క్యాన్సరు ఆసుపత్రి ఉన్నవి.

గుంటూరు జిల్లా సోదరికి నేను ఆ రోజే కార్డు రాశాను. ఈ వారంలోనే చర్మవైద్యుని వద్దకు తీసుకువెళ్లమని, వెళ్లే రోజున కాలికి పసుపు, నూనె, లేపం ఏదీ రాయవద్దని, సున్నం పెట్టిన సంగతి దాచకుండా చెప్పమని, గజ్జలో బిళ్లలు తగులుతున్నవేమో చూపించమని కోరాను. ముక్క పరీక్ష ఫలితం వచ్చిన తరువాత నాకొక ఉత్తరం వేయమని అడిగాను. అది ఇంకా అందలేదు.