కడప జిల్లా నేలల్లో కలుపు మందుల విచ్ఛిన్నం – నేల సూక్ష్మజీవులపై వాటి ప్రభావం

వేంపల్లె మండలం ఇడుపులపాయ పరిసరాలలోని కొండపాదాల ఎర్ర నేలల నుండి పులివెందుల మీదుగా జమ్మలమడుగు, ప్రొద్దుటూరు ప్రాంతాలకు చేరేసరికి నేల స్వభావం పూర్తిగా మారుతుంది. ఎర్ర నేలల్లో వేరుశనగ, చీనీ తోటలు, జమ్మలమడుగు నల్లరేగడిలో వర్షాధారపు శనగ, ప్రత్తి, ప్రొద్దుటూరు వైపు కె.సి. కాలువ కింద వరి ప్రధానమైన పంటలు. కూలీల కొరత, పెరిగిన కూలి రేట్ల కారణంగా ఈ పంటలన్నిటిలోను కలుపు మందుల వాడకం సాధారణమైంది. అయితే ఒకే మందు, ఒకే మోతాదులో వాడినప్పటికీ, అన్ని నేలల్లో ఒకే కాలం నిలిచి ఉండదు. ఖరీఫ్ వేరుశనగలో మందు చల్లిన పొలంలో రబీకి జొన్న విత్తవచ్చునా అన్న రైతు ప్రశ్నకు డబ్బా మీది వివరాలతోనే సమాధానం చెప్పలేకపోవడానికి కారణం ఇదే.

నేలలో మందు మార్పులు

నేలపై పడిన మందులో కొంత ఆవిరి రూపంలోను, కొంత సూర్యరశ్మి వల్లను నశిస్తుంది. మిగిలినది బంకమన్ను, సేంద్రియ పదార్థ కణాలకు అంటుకొని ఉంటుంది. దీనినే అధిశోషణం అంటారు. మట్టి నీటిలో కరిగి ఉన్న భాగం మాత్రమే కలుపు మొక్కలకు, తరువాతి పంటకు, సూక్ష్మజీవులకు అందుతుంది. ఈ భాగం జలవిశ్లేషణ వంటి రసాయన చర్యల వల్ల, అంతకంటే ముఖ్యంగా బాక్టీరియా, శిలీంధ్రాల ఎంజైముల వల్ల విచ్ఛిన్నమవుతుంది.

సూక్ష్మజీవులు ఈ పనిని రెండు విధాలుగా చేస్తాయి. కొన్ని మందునే ఆహారంగా వాడుకొని వృద్ధి చెందుతాయి. 2,4-డి నేలలో మొదటిసారి చేరినప్పుడు కొంతకాలం మార్పు లేకుండా ఉండి ఆ తరువాత త్వరగా తరుగుతుందని, అదే నేలకు రెండవసారి చేర్చినప్పుడు ఆ నిరీక్షణ కాలం లేకుండానే నశిస్తుందని 1949లో ఆడస్ చూపారు. మందును తినగల జీవులు ఈలోగా వృద్ధి చెందడమే దీనికి కారణం. రెండవ విధానంలో సూక్ష్మజీవులు వేరే ఆహారంపై పెరుగుతూ, తమ ఎంజైములతో మందును కూడా యాదృచ్ఛికంగా మారుస్తాయి. దీనిని సహజీవక్రియ అనవచ్చు. ఇది సాగాలంటే నేలలో సేంద్రియ కర్బనం, తేమ రెండూ అవసరం.

క్షార స్వభావపు రేగడి నేలల ప్రత్యేకత

రేగడి నేలల ఉదజని సూచిక సాధారణంగా 8 లేదా అంతకంటే ఎక్కువగాను, సేంద్రియ కర్బనం 0.5 శాతం కంటే తక్కువగాను ఉంటుంది. మెట్‌సల్ఫ్యూరాన్ వంటి సల్ఫోనైల్‌యూరియా మందులు ఆమ్ల నేలల్లో జలవిశ్లేషణతో త్వరగా నశిస్తాయి. క్షార నేలల్లో ఈ మార్గం దాదాపు మూసుకుపోయి, భారమంతా సూక్ష్మజీవులపైనే పడుతుంది. ఎకరాకు కొద్ది గ్రాములలో వాడే ఈ మందుల స్వల్ప అవశేషం కూడా పప్పుధాన్యపు పంటలకు హాని చేయగలదు. అట్రజిన్ విషయంలోను క్షారత్వం రసాయన విచ్ఛిన్నాన్ని మందగింపజేస్తుంది.

వేరుశనగలో వాడే ఇమాజెథాపిర్ తీరు వేరు. క్షార నేలల్లో ఇది రుణావేశిత రూపంలో ఉండి కణాలకు తక్కువగా అంటుకుంటుంది. అందువల్ల తేమ ఉన్నప్పుడు సూక్ష్మజీవులకు సులభంగా చిక్కుతుంది. తేమ లేనప్పుడు అలాగే నిలిచి, తరువాతి వానకు జొన్న, ఆవ వంటి సున్నితమైన పంటల వేళ్లకు అందుతుంది. పెండిమిథాలిన్ ఇందుకు భిన్నంగా నీటిలో అతి తక్కువగా కరిగి, నేల పైపొరలోనే గట్టిగా అంటుకొని ఉంటుంది.

అర్ధాయువు లెక్కలో తేమ పాత్ర

అర్ధాయువు అనగా మందులో సగభాగం నశించడానికి పట్టే కాలం. ఇది తగిన తేమ, ఉష్ణోగ్రతల వద్ద కొలిచిన విలువ. ఉదాహరణకు హెక్టారుకు 75 గ్రాముల ఇమాజెథాపిర్ చల్లామని, అర్ధాయువు 45 రోజులని అనుకొందాం. 90 రోజులకు రెండు అర్ధాయువులు గడచి సుమారు 19 గ్రాములు మిగలాలి. ఆ 90 రోజులలో 45 రోజులు నేల పూర్తిగా ఎండి ఉంటే, సూక్ష్మజీవుల పని దాదాపు ఆగిపోయి సుమారు 37 గ్రాములు, అనగా రెట్టింపు, మిగిలిపోతుంది. కనుక వర్షాధార ప్రాంతంలో క్యాలెండరు రోజులను కాక, నేల తడిగా ఉన్న రోజులను లెక్కించడం సమంజసం.

సూక్ష్మజీవులపై ప్రభావం

సిఫారసు చేసిన మోతాదులో వాడినప్పుడు బాక్టీరియా, శిలీంధ్రాల సంఖ్య, డీహైడ్రోజినేస్ ఎంజైము చర్య మొదట కొంత తగ్గి, కొన్ని వారాలలో తిరిగి కోలుకోవడం సాధారణంగా కనిపించే సరళి. చనిపోయిన కలుపు కుళ్లి ఆహారం లభించినప్పుడు సంఖ్య మొదటికంటే పెరగవచ్చు కూడా. అయితే మొత్తం సంఖ్య కోలుకున్నంత మాత్రాన అన్ని జీవులు కోలుకున్నట్లు కాదు. ఇమాజెథాపిర్ అడ్డుకునే అసిటోల్యాక్టేట్ సింథేస్, గ్లైఫోసేట్ అడ్డుకునే షికిమేట్ మార్గపు ఎంజైము మొక్కలలోనే కాక అనేక బాక్టీరియా, శిలీంధ్రాలలోను ఉన్నాయి. అధిక మోతాదులో రైజోబియం, నత్రీకరణ బాక్టీరియా వంటి ప్రత్యేక వర్గాలు దెబ్బతినే అవకాశం ఉంది. అందుకే అంతర్జాతీయ ఓఈసీడీ 216 పరీక్షలో నేలలో నైట్రేట్ ఏర్పడే వేగాన్ని కొలుస్తారు. 28 రోజుల తరువాత మందు లేని నేలతో తేడా 25 శాతం లోపు ఉంటే దీర్ఘకాలిక ప్రభావం లేదని భావిస్తారు.

మందును తొలగించవలసిన జీవులే మందు వల్ల బలహీనపడితే విచ్ఛిన్నం మరింత ఆలస్యమవుతుంది. సేంద్రియ కర్బనం తక్కువగా ఉన్న నేలల్లో ఈ ప్రమాదం ఎక్కువ.

క్షేత్రస్థాయిలో పాటించవలసినవి

1. రబీ విత్తనానికి మూడు వారాల ముందు, మందు చల్లిన పొలం నుండి, చల్లని గట్టు పక్క స్థలం నుండి 15 సెం.మీ. లోతు వరకు మట్టి సేకరించి వేర్వేరు కుండీలలో నింపి, ఆవ లేదా దోస గింజలతో పాటు వేయదలచిన పంట విత్తనాలను నాటాలి. 12 నుండి 15 రోజులకు మొలకల ఎత్తు, వేళ్ల పొడవు పోల్చాలి. ఖర్చు లేని ఈ జీవ పరీక్ష రైతు ఎదుటే సమాధానం ఇస్తుంది.

2. తేడా కనిపించిన పొలంలో సున్నితమైన పంటను మాని, ఆ మందును తట్టుకునే పంటను ఎంచుకోవాలి.

3. పిచికారీలో ఒకే సాలుపై రెండుసార్లు మందు పడకుండా చూడాలి. మడి చివర మలుపుల వద్ద మోతాదు రెట్టింపు కావడం వల్లనే తరువాతి పంటలో అక్కడక్కడ మచ్చలుగా నష్టం కనిపిస్తుంది.

4. పశువుల ఎరువు, పచ్చిరొట్ట ఎరువులతో సేంద్రియ కర్బనాన్ని పెంచాలి. ఇవి సూక్ష్మజీవులకు ఆహారం. అయితే విత్తిన వెంటనే చల్లే మందులను అధిశోషించి వాటి పనితనాన్ని కొంత తగ్గించగలవన్న విషయం కూడా గుర్తుంచుకోవాలి.

5. మందు పేరు, మోతాదు, చల్లిన తేదీ, వర్షం పడిన రోజులను రైతు నమోదు చేసుకొనేలా ప్రోత్సహించాలి.

కలుపు మందు పని కలుపు చావడంతో ముగియదు. అది నేలలో ఎంతకాలం ఉంటుందో నిర్ణయించేది నేల క్షారత్వం, తేమ, అందులోని సూక్ష్మజీవులు. కావున మందుల సిఫారసుతో పాటు ఆయా నేలకు తగిన నిరీక్షణ కాలాన్ని కూడా సూచించడం విస్తరణ శాస్త్రవేత్తల బాధ్యత.