అగ్గి తెగులుకు ఒక్క మంచు రాత్రి చాలు

రాత్రి చలి 20 డిగ్రీల దగ్గర, గాలిలో తేమ 90 శాతం పైన, ఆకు మీద పది గంటలకు పైగా ఆరని మంచు. వరికి అగ్గి తెగులు అంటుకోవడానికి ఈ మాత్రం చాలు. చైనాలో 1637 నాటికే సాంగ్ యింగ్‌షింగ్ దీన్ని వరికి వచ్చే జ్వరంగా రాశాడు. వాళ్లకు జ్వరమైంది, మనకు అగ్గి అయింది. తగలబడినట్టు మాడిన మడిని చూసినవాళ్లకు మన పేరే సరైనదనిపిస్తుంది.

దీనికి మూలం ఒక బూజు. దాని బీజం మూడే కణాలది, పొడవు మిల్లీమీటరులో యాభయ్యో వంతు. మంచు బొట్టులో పడగానే కొన నుంచి జిగురు వదిలి ఆకుకు అతుక్కుంటుంది. రెండు గంటల్లో మొలకెత్తుతుంది. ఎనిమిది గంటలయ్యేసరికి మొలక కొసన నల్లటి గుమ్మటం లాంటిది కడుతుంది. ఆ గుమ్మటంలోకి నీరు చేరి ఒత్తిడి పెరుగుతుంది. 1991లో శాస్త్రవేత్తలు కొలిస్తే అది 8 మెగాపాస్కల్స్ తేలింది. పెట్రోలు బంకులో కారు టైరుకు 33 పాయింట్లు గాలి పట్టిస్తాం కదా, అదే కొలతలో ఇది 1,100 పైమాటే! ఆ ఒత్తిడితో ఆకు పొరను మేకులా పొడుచుకుని, ఒక రోజు గడిచేసరికి లోపలికి దిగిపోతుంది.

నాలుగైదు రోజులకు నూలుకండె ఆకారంలో మచ్చ కనిపిస్తుంది. మధ్యలో బూడిద రంగు, అంచున గోధుమ రంగు. ఒక్కో మచ్చ రాత్రికి 2,000 నుంచి 6,000 బీజాలను, అదీ దాదాపు రెండు వారాల పాటు వదలగలదు. సగటున 4,000 అనుకుందాం. దుబ్బుకు 5 మచ్చలు, చదరపు మీటరుకు 33 దుబ్బులు ఉంటే ఎకరంలో ఒక్క రాత్రికి 260 కోట్ల పైచిలుకు బీజాలు. ఇది కాగితం మీది లెక్కే, అన్నీ మొలవవు. కానీ వారం ఆగి చూద్దామనుకునే రైతు ఈ లెక్క ఒకసారి వేసుకోవడం మంచిది.

ఆకు మచ్చలను పైరు కొంత తట్టుకుంటుంది. పిలకలు వేసే దశలోనైతే కొత్త ఆకులతో కోలుకుంటుంది కూడా. అసలు దెబ్బ మెడవిరుపు. వెన్ను మెడ దగ్గర నల్లబడితే పాలు పైకి ఎక్కవు. ఈనిన వెంటనే సోకితే వెన్నంతా తాలే. అప్పటికి పెట్టుబడి మొత్తం మడిలోనే ఉంటుంది.

ఎక్కువగా వాడే మందు ట్రైసైక్లజోల్ 75 శాతం పొడి. లీటరుకు 0.6 గ్రాములు, ఎకరాకు 200 లీటర్ల నీళ్లకు 120 గ్రాములు. ఇది గుమ్మటానికి నల్లరంగు పట్టకుండా చేస్తుంది. ఆ రంగు లేకపోతే ఒత్తిడి నిలవదు, బూజు లోపలికి దిగలేదు. అందుకే ఇది సోకకముందు పనిచేసినంతగా సోకాక పనిచేయదు. మెడ నల్లబడ్డాక కొట్టిన మందు ఆ వెన్నును తిరిగి నిలబెట్టదు. పొట్ట దశ చివర, వెన్ను తొంగిచూస్తున్నప్పుడే చూసుకోవాలి.

మందు కంటే ముందు చూడాల్సింది యూరియా. 45 కిలోల బస్తాలో నత్రజని 20 కిలోల పైనే. పక్క మడి కంటే పచ్చగా కనబడాలని వేసే అదనపు బస్తా ఆకును మెత్తబరుస్తుంది, దుబ్బును గుబురు చేస్తుంది, మంచును ఆరనివ్వదు. ఇక విత్తనం. 1986లో బాపట్ల నుంచి వచ్చిన సాంబ మసూరి, అంటే బీపీటీ 5204, అన్నానికి ఎంత బాగుంటుందో అగ్గి తెగులుకు అంత లొంగుతుంది. 2008లో వచ్చిన మెరుగైన సాంబ మసూరి ఆపేది బ్యాక్టీరియా ఎండాకు తెగులును. పేరు చూసి ఈ రెండు తెగుళ్లనూ కలిపేసుకోకూడదు.

అమ్మకంలో ఇంకో అంకె ఉంది. బియ్యంలో ట్రైసైక్లజోల్ అవశేషం కిలోకు 1 మిల్లీగ్రాము దాకా ఉండొచ్చన్న ఐరోపా సమాఖ్య, 2017లో ఆ పరిమితిని 0.01కి దించింది. వంద రెట్లు తగ్గింపు. ముందుగా ఆ సెగ తగిలింది బాస్మతి పండించే పంజాబ్, హర్యానా రైతులకు.